వైజాగ్‌లో ఫ్లాటును రోజువారీ బసకు ఇచ్చి, మీరే నడుపుకోవడం ఎలా

రాత్రికి మూడు వేలు, నెలకు ముప్పై రాత్రులు, వెరసి తొంభై వేలు. ఈ లెక్క చూసుకునే చాలామంది రుషికొండ, ఎండాడ, సాగర్‌నగర్ వైపు డబుల్ బెడ్‌రూం ఫ్లాటు కొని ఎయిర్‌బీఎన్‌బీ లాంటి బుకింగు ప్లాట్‌ఫాంలో పెడతారు. అన్ని రాత్రులూ నిండవని అందరికీ తెలుసు. కానీ అసలు పొరపాటు ఇంకోచోట ఉంది. ఈ వ్యాపారంలో ఖర్చు రాత్రుల లెక్కన పడదు, చెక్-ఔట్‌ల లెక్కన పడుతుంది. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగే ఆ మూడు గంటలే మీ శ్రమ, మీ ఖర్చు, మీ రేటింగు. అందుకే ఈ మార్గదర్శి అంతా చెక్-ఔట్‌లు తక్కువగా, ఉన్నవి సాఫీగా జరిగేలా చూసుకోవడం చుట్టూనే తిరుగుతుంది.

కొనే ముందే వేసుకోవాల్సిన లెక్క

ఊహించిన అంకెలే అయినా మీవి వేసుకోవడానికి ఒక నమూనా. నెలకు 16 రాత్రులు నిండాయి, సగటు ధర 3,000. రాబడి 48,000. ఒక్కో చెక్-ఔట్‌కు శుభ్రం చేసే మనిషికి 500, లాండ్రీకి 250, సబ్బులు, టిష్యూలు, తాగునీళ్లు, టీ సామానుకు 150, మొత్తం 900. కరెంటు రాత్రికి 250. నెలవారీ స్థిర ఖర్చు (మెయింటెనెన్స్, ఇంటర్నెట్, మరమ్మతులకు పక్కన పెట్టేది) 7,000. ప్లాట్‌ఫాం రుసుము 3 శాతం, అంటే 1,440.

ఆ 16 రాత్రులూ ఒక్కొక్క రాత్రి బుకింగులే అయితే 16 చెక్-ఔట్‌లు, 14,400. మిగతావన్నీ కలిపితే ఖర్చు 26,840, చేతిలో మిగిలేది 21,160. అవే 16 రాత్రులు ఆరు బుకింగులుగా వస్తే శుభ్రతకు 5,400 చాలు. ఖర్చు 17,840, మిగిలేది 30,160. రాబడి రూపాయి కూడా పెరగలేదు, తొమ్మిది వేలు తేడా వచ్చింది.

ఇప్పుడు ఫర్నిచర్, ఏసీలు, పరుపులకు పెట్టిన నాలుగు లక్షలు నాలుగేళ్లలో అరిగిపోతాయనుకుంటే నెలకు సుమారు 8,300 తీసేయాలి. మొదటి పద్ధతిలో మిగిలేది 13,000 లోపు, రెండో దాంట్లో 22,000 లోపు. అదే ఫ్లాటుకు మామూలు అద్దె 18,000 వస్తుంటే, ఒక్క రాత్రి బుకింగులతో నడిపేవాడు అద్దెకిచ్చిన వాడికన్నా ఎక్కువ కష్టపడి తక్కువ సంపాదిస్తున్నాడు. ఈ లెక్క మీ అంకెలతో వేసుకున్నాక కూడా అద్దెకన్నా కనీసం 30 శాతం ఎక్కువ కనిపించకపోతే ఈ జోలికి పోకండి, మీ సాయంత్రాలు మీకే మిగులుతాయి.

స్థలం: ఎక్కడ కొనకూడదో ముందు

అరకు, లంబసింగి అంటే అందరికీ మోజే. అవి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని సవరించిన 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. లీజు కూడా బదిలీ కిందకే వస్తుంది. ‘మావాడి పేరు మీద పెట్టి అగ్రిమెంటు రాసుకుందాం’ అనే మధ్యవర్తి మాట విన్నారా, డబ్బు పోయినట్టే.

భీమిలి దారిలో విడి ఇల్లో, స్థలమో చూస్తుంటే తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) హద్దులు, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) లేదా వీఎంఆర్‌డీఏ (ప్రాంతీయ అభివృద్ధి సంస్థ) అనుమతులు లాయరుతో చూపించుకోండి. సముద్రం కనిపించే బాల్కనీకి పెట్టే అదనపు ధర ఒక్కోసారి రాత్రి ధరలో తిరిగి వస్తుంది. కానీ అదే బాల్కనీలోంచి ఉప్పు గాలి కూడా లోపలికొస్తుంది, దాని ఖర్చు కింద చెబుతాను. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ లాంటి చోట్ల సముద్రం కనపడకపోయినా ఆసుపత్రులకు, పెళ్లిళ్లకు వచ్చేవాళ్లు నాలుగైదు రోజులు ఉంటారు. పైన వేసిన లెక్క గుర్తుంటే ఏది మెరుగో మీకే తెలుస్తుంది.

అనుమతులు, కాగితాలు

మొదటిది అసోసియేషన్. ఫ్లాటు కొనే ముందే బైలాస్ (అసోసియేషన్ నియమావళి) అడిగి చదవండి. రోజువారీ బస వద్దని తీర్మానం ఉంటే అక్కడితో వదిలేయండి. ఏమీ లేకపోతే రాతపూర్వక అంగీకారం తీసుకోండి. అధ్యక్షుడు నోటిమాటగా ‘పర్లేదులెండి’ అంటే అది వచ్చే ఎన్నికల దాకే. ఇరుగుపొరుగు గొడవలన్నీ నాలుగు విషయాల మీదే వస్తాయి: లిఫ్టులో కొత్త మొహాలు, పార్కింగు, టెర్రస్ మీద పార్టీలు, అర్ధరాత్రి చప్పుడు. కాబట్టి ఎవరూ అడగకముందే నలుగురికి మించి ఉండరనీ, ఒకే కారు వస్తుందనీ, టెర్రస్ తాళం ఇవ్వననీ, ప్రతి బుకింగు వివరాలు వాచ్‌మన్ రిజిస్టరులో ఉంటాయనీ మీరే రాసివ్వండి.

కేంద్ర పర్యాటక శాఖకు ‘ఇంక్రెడిబుల్ ఇండియా’ హోంస్టే వర్గీకరణ ఉంది. అందులో గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు, ఒకటి నుంచి ఆరు గదుల వరకు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలన్నది దాని షరతు. మీరు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉంటూ నడిపే ఖాళీ ఫ్లాటు ఆ కిందకు రాదు. ఆ బోర్డు పెట్టుకోవద్దు. జీవీఎంసీ జోనల్ ఆఫీసులో ట్రేడ్ లైసెన్సు, ఆస్తి పన్ను విషయం, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో మీటరు కేటగిరీ విషయం రాతపూర్వకంగా అడిగి తేల్చుకోండి. గృహ మీటరు మీద వ్యాపారం నడుస్తోందని తనిఖీలో తేలితే వెనకటి కాలానికి కూడా వసూలు చేస్తారు. గృహరుణం మీద కొన్నట్టయితే రుణపత్రంలో వాడకంపై షరతు ఉందేమో చూడండి. మామూలు గృహబీమా పాలసీలు వ్యాపార వాడకాన్ని మినహాయించడం మామూలే కాబట్టి బీమా కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథి దిగితే 24 గంటల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. దీన్నే అందరూ ఫారం-సి అంటారు. మనవాళ్లు జారిపోయేది ఇక్కడే. పెళ్లికి అమెరికా నుంచి వచ్చిన మేనమామ కొడుకు స్వచ్ఛమైన గోదావరి యాసలో మాట్లాడినా, చేతిలో ఉన్నది అమెరికా పాస్‌పోర్టయితే చట్టం దృష్టిలో ఆయన విదేశీయుడే. పోర్టల్‌లో మీ ఇంటిని నమోదు చేయించుకోవడానికి సమయం పడుతుంది, మొదటి బుకింగుకు ముందే ఆ పని ముగించండి.

భోజనం పెట్టాలనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు కావాలి. పెట్టకండి. దగ్గర్లోని టిఫిన్ సెంటరు నంబరు గోడ మీద అతికిస్తే చాలు.

పన్నులు

రాత్రికి 7,500 వరకు ఉండే బసపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. మీ మొత్తం వార్షిక వ్యాపారం 20 లక్షలు దాటక, మీకు జీఎస్టీ నమోదు లేకపోతే, ప్లాట్‌ఫాం ద్వారా వచ్చిన బుకింగుపై ఆ పన్ను ప్లాట్‌ఫామే వసూలు చేసి కడుతుంది. మీకు ఇంకో వ్యాపారం ఉంటే అదీ ఇదీ కలిపే 20 లక్షల లెక్క చూస్తారు.

ప్లాట్‌ఫాంలు మీ స్థూల రాబడి మీద 0.1 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాయి. వ్యక్తులకు పాన్ ఇచ్చి ఉంటే, ఒక ప్లాట్‌ఫాం ద్వారా వచ్చేది ఏడాదికి 5 లక్షలు దాటనంతవరకు కోయరు. పై నమూనాలోని 48,000 ఏడాదికి 5,76,000 అవుతుంది, అంటే కోత పడుతుంది. కోసేది వందల్లోనే, కానీ దానితోపాటు మీ స్థూల రాబడి మొత్తం ఆదాయపు పన్ను శాఖ రికార్డులోకి ఎక్కుతుంది. రిటర్నులో చూపించకపోతే నోటీసు రావడం ఖాయం. దుప్పట్లు, శుభ్రత, వైఫై ఇస్తూ రోజువారీగా నడిపేదాన్ని సాధారణంగా వ్యాపార ఆదాయంగా చూపిస్తారు. అద్దె ఆదాయానికి దొరికే 30 శాతం మినహాయింపు అప్పుడు ఉండదు, దాని బదులు అసలు ఖర్చులు, అరుగుదల చూపుకోవచ్చు. అందుకే వాచ్‌మన్‌కు ఇచ్చిన రెండొందలు కూడా యూపీఐలోనే ఇవ్వండి.

ఫ్లాటును సిద్ధం చేయడం

కరెంటు లోడు నుంచి మొదలుపెట్టండి. 1.5 టన్ను ఏసీలు రెండు కలిపి సుమారు 3.2 కిలోవాట్లు, గీజర్లు రెండు 4, ఇండక్షన్ పొయ్యి 2. మొత్తం తొమ్మిది దాటింది. ఫ్లాటుకు మంజూరైన లోడు చాలాచోట్ల మూడు నుంచి ఐదే. బీచ్ నుంచి నలుగురూ ఒకేసారి తిరిగొచ్చి ఏసీలు, గీజర్లు వేస్తే మెయిన్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోతుంది, ఫోను మీకు వస్తుంది. లోడు పెంచుకునేందుకు దరఖాస్తు చేయండి. గీజరుకూ పొయ్యికీ 16 ఆంపియర్ల ప్లగ్గు, విడి వైరు ఉండాలి. ఎంసీబీ బోర్డు మీద ఏ మీట దేనిదో తెలుగు, ఇంగ్లిషు, హిందీల్లో రాసి అతికించండి. రాత్రి పదకొండింటి ఫోన్లు దానితో చాలావరకు తగ్గుతాయి. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీతో ఇన్వర్టరు పెట్టి ఫ్యాన్లు, లైట్లు, వైఫై దాని మీదకు మార్చండి.

వంటకు 14.2 కిలోల గృహ సిలిండరు పెట్టకూడదు, వ్యాపారానికి వాడటం నిషిద్ధం. ఇండక్షన్ చాలు, గ్యాసు లీకు భయమూ ఉండదు. అడుగు సమతలంగా ఉన్న ఇండక్షన్ పాత్రలే కొనండి. మూకుడు, కుక్కరు, పాలగిన్నె తప్పనిసరి. దసరా సెలవుల్లో వైజాగ్‌కు బెంగాల్ కుటుంబాలు పెద్ద ఎత్తున వస్తాయి. చేపలు కొని తెచ్చుకుని వండుకునేవాళ్లు వాళ్లలో చాలామంది. ఎగ్జాస్టు బలంగా లేకపోతే ఆ వాసన కర్టెన్లలో మూడు రోజులు ఉంటుంది, తర్వాత దిగిన శాకాహార కుటుంబం రివ్యూలో అదే రాస్తుంది. నీచు వండని పాత్రల సెట్టొకటి వేరే రంగు పిడులతో విడిగా పెట్టి, ఆ విషయం లిస్టింగులో (ప్లాట్‌ఫాంలో మీ ఫ్లాటు ప్రకటనలో) రాయండి. చిన్న ఖర్చు, పెద్ద కుటుంబాల బుకింగులు దానికే వస్తాయి.

ఉప్పు గాలి. తీరానికి దగ్గరున్న ఫ్లాటులో మొదట పోయేది ఏసీ అవుట్‌డోర్ యూనిట్. రాగి కండెన్సరు, తుప్పు నిరోధక పూత ఉన్న ఫిన్లు ఉన్న మోడల్ తీసుకుని, నెలకోసారి మంచినీళ్లతో ఫిన్లు కడిగించండి. స్టాండు, బోల్టులు మామూలు ఇనుపవి వద్దు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ కనీసం, సముద్రానికి ఎదురుగా ఉంటే 316. చౌక 202 గ్రేడు షవర్లు, గొళ్లేలకు త్వరలోనే గోధుమరంగు మచ్చలొస్తాయి. ఖాళీగా ఉన్న రోజుల్లో తలుపులు బిగించి వదిలేస్తే బీరువాలో బూజు పడుతుంది. బీరువా తలుపులు తెరిచి ఉంచి, ఖాళీ వారంలో రెండుసార్లు ఏసీని డ్రై మోడ్‌లో గంటసేపు నడపమని మీ మనిషికి చెప్పండి.

ఇసుక ఇంకో గొడవ. బాత్‌రూం నహానీ ట్రాపులో (నేల మీది నీళ్లు పోయే రంధ్రంలో) ఇసుక పేరుకుంటే నీళ్లు హాల్లోకి వస్తాయి. వీలైతే మెట్ల దగ్గరో బాల్కనీలోనో కాళ్లు కడుక్కోవడానికి కొళాయి, గుమ్మం ముందు గరుకు పట్టా, ట్రాపు మీద తీసి కడిగే సన్నటి జాలీ పెట్టండి. ప్రతి చెక్-ఔట్‌కు జాలీ దులపడం పనుల జాబితాలో ఉండాలి. నీళ్ల ఏర్పాట్లు మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన చూస్తారు గానీ బీచ్‌కు వెళ్లొచ్చేవాళ్లు రెండుసార్లు స్నానం చేస్తారు. నలుగురికి 800 లీటర్లు అనుకుని, అసోసియేషన్ నీళ్లు ఏ వేళల్లో వదులుతుందో చూసుకుని, అవసరమైతే విడి ట్యాంకు పెట్టుకోండి.

తాళానికి కోడ్ లాకు మంచిదే. ప్రతి బుకింగుకు అతిథి ఫోను చివరి నాలుగంకెలు కోడ్‌గా పెట్టి, చెక్-ఔట్ కాగానే మార్చండి. బ్యాటరీలు అయిపోయే దాకా చూడకుండా మూణ్ణెల్లకోసారి మార్చేయండి, తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉంచండి. కెమెరా గుమ్మం బయటే ఉండాలి, ఆ సంగతి లిస్టింగులో రాయాలి. ఇంటి లోపల కెమెరాలను ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి పూర్తిగా నిషేధించింది.

దుప్పట్లు, తువ్వాళ్లు

మంచానికి మూడు సెట్లు. ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అల్మరాలో. రెండు సెట్లతో మొదలుపెట్టినవాళ్లందరూ తొలి వానాకాలంలోనే మూడోది కొంటారు. తేమ గాలికి బట్టలు ఆరవు, తడి దుప్పటి వాసన డిటర్జెంటుతో పోదు. ఇంట్లో మెషీను పెట్టుకోవాలా, కిలోల లెక్కన లాండ్రీకి వేయాలా అంటే ఇలా చూసుకోండి. 70 బై 140 సెంటీమీటర్ల తువ్వాలు 450 జీఎస్‌ఎంది (చదరపు మీటరుకు 450 గ్రాములు) దాదాపు 440 గ్రాములు. నాలుగు తువ్వాళ్లు, రెండు డబుల్ దుప్పట్లు, దిండు గలీబులు, కాలిపట్టాలు కలిపి నాలుగు కిలోల పైచిలుకు. ఏడు కిలోల మెషీనుకు ఒక వాయి. ఆరబెట్టే స్థలం ఉంటే మెషీను, లేకపోతే లాండ్రీ.

రంగు తెలుపే ఉండాలి. మరకలు కనపడతాయనే తెలుపు వాడతాం. కనపడితేనే ఉతుకుతాం, కనపడితేనే అతిథి నమ్ముతాడు. మనవైపు మరకలు మూడు. తలనూనె: దిండుకు జిప్పున్న లోపలి కవరు తొడిగి, గలీబు మీది నూనెకు ఉతికే ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పావుగంట ఉంచాలి. పసుపు: సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారుపడొద్దు. ఉతికి నేరుగా ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. గోరింటాకు: పెళ్లి సీజన్‌లో తప్పదు, ఆరాక పట్టుకున్నది పూర్తిగా పోదు. పెళ్లివారి బుకింగు అయితే ముదురు రంగు తువ్వాళ్లు రెండు అదనంగా పెట్టి ‘గోరింటాకు, మేకప్ కోసం’ అని చీటీ పెట్టండి. తువ్వాళ్లకు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, నీళ్లు పీల్చడం మానేస్తాయి. పరుపుకు నీళ్లు దిగని కవరు మొదటి రోజు నుంచే ఉండాలి, చిన్నపిల్లల కుటుంబం ఒక్కటి చాలు పరుపు పారేయడానికి.

మనుషులు

‘నేనే నడుపుకుంటాను’ అంటే చీపురు మీరే పట్టాలని కాదు. ధర, క్యాలెండరు, అతిథితో మాట మీ చేతిలో ఉండాలి. ఇంటి దగ్గర మాత్రం అరగంటలో చేరుకోగల మనుషులు కావాలి: శుభ్రం చేసే ఆమె, ఆమె రాని రోజు వచ్చే ఇంకొకామె, కరెంటు పని, ప్లంబింగు రెండూ తెలిసిన ఒకరు. ఆ రెండో ఆమె దొరికే దాకా లిస్టింగు పెట్టకండి. దసరాకు ఫ్లాటు నిండిన రోజే మీ మనిషికి కూడా పండగ, ఆమె ఊరెళ్తుంది. జీతం కన్నా ఒక్కో చెక్-ఔట్‌కు ఇంత అని మాట్లాడుకుని, ఫొటోలు రాగానే యూపీఐలో పంపండి. పండగ రోజున ఒకటిన్నర రెట్లు ఇవ్వండి.

డబుల్ బెడ్‌రూంకు ఒక్క మనిషికి రెండున్నర గంటలు పడుతుంది. వరుస మారితే మూడున్నర అవుతుంది. వరుస ఇది:

1. కిటికీలన్నీ తీసి, మంచాలు విప్పి, మొదటి వాయి మెషీనులో వేయాలి.
2. పోయినవి, పగిలినవి, మరచిపోయినవి చూసి ఫొటోలు మీకు పంపాలి. ఇది పని మొదట్లోనే జరగాలి, తుడిచాక తీసిన ఫొటో నష్టపరిహారానికి పనికిరాదు.
3. బాత్‌రూంలలో క్లీనరు వేసి నానబెట్టి, ఈలోగా వంటింట్లో ఫ్రిజ్ లోపల, అవెన్, సింకు కింది చెత్తబుట్ట చూడాలి.
4. బాత్‌రూంలు కడిగి, జాలీ దులిపి, నేల పొడిగా తుడవాలి. తడి నేల ‘శుభ్రంగా లేదు’ అనిపిస్తుంది.
5. ఫ్యాన్లు, అల్మరాల పైభాగం, స్విచ్చులు, రిమోట్లు. పై నుంచి కిందికి.
6. మంచాలు పరిచి, తువ్వాళ్లు పెట్టి, చివర్న నేల తుడుస్తూ గుమ్మం వైపు రావాలి.
7. తలుపు వేసే ముందు ఏసీలు, గీజర్లు, వైఫై వేసి చూసి, పన్నెండు ఫొటోలు: ప్రతి మంచం, ప్రతి బాత్‌రూం మూల, ఫ్రిజ్ లోపల, గీజరు లైటు, బాల్కనీ.

వెంట్రుక ఒక్కటే రేటింగును దించేస్తుంది. కమోడ్ వెనక, షవరు జాలీ మీద, తెల్ల దుప్పటి మీద: ఈ మూడుచోట్ల దగ్గరగా తీసిన ఫొటో అడగండి.

లిస్టింగు, ధర, క్యాలెండరు

ఫొటోలు ఉదయం తొమ్మిదికి ముందు, లైట్లన్నీ వేసి తీయించండి. మొదటి ఫొటో హాలు కాకుండా బాల్కనీలోంచి కనిపించేదేదో అది. సముద్రం నడిచి వెళ్లేంత దూరమా, కారులో పది నిమిషాలా, ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘బీచ్ వ్యూ’ అని రాసి టెర్రస్ మీదికెక్కితే కనిపించేదాన్ని చూపిస్తే మూడు నక్షత్రాలే మిగులుతాయి. లిఫ్టు, పార్కింగు, నీళ్ల రుచి (బోరు నీళ్లయితే ఆ మాట కూడా), పెళ్లికాని జంటలకు ఇస్తారా లేదా అన్నవి ముందే చెప్పండి. పెళ్లికాని వయోజనులు కలిసి ఉండకూడదని చట్టమేమీ లేదు. అసోసియేషన్‌తో మాట్లాడి మీ విధానం ఒకటి నిర్ణయించి అందరికీ ఒకేలా పాటించండి. గుమ్మం దగ్గరకొచ్చాక తిప్పి పంపడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

ఎయిర్‌బీఎన్‌బీలో కొత్త లిస్టింగుకు మొదటి మూడు బుకింగులకు 20 శాతం తగ్గింపు పెట్టుకునే వీలుంది. పెట్టండి, తొలి రివ్యూలు దానికన్నా విలువైనవి. సూపర్‌హోస్టు (మంచి ఆతిథ్యానికి ఎయిర్‌బీఎన్‌బీ ఇచ్చే గుర్తింపు) కావాలంటే 4.8 రేటింగు, 90 శాతం సందేశాలకు 24 గంటల్లో జవాబు, మీ వైపు రద్దులు 1 శాతం లోపు, ఏడాదిలో కనీసం పది బసలు ఉండాలి. రద్దు షరతే అందరినీ పడేస్తుంది, దానికి కారణం డబుల్ బుకింగు. రెండు మూడు ప్లాట్‌ఫాంలలో పెట్టి క్యాలెండర్లను ఐకాల్ (ఒక క్యాలెండరును ఇంకోదానికి చూపించే) లింకుతో కలిపితే నవీకరణకు గంటలు పడుతుంది. ఆ సందులో ఒకే రాత్రి ఇద్దరికి అమ్ముడుపోతుంది. దసరా, డిసెంబరు చివరి వారం లాంటి తేదీలు ఒకే ప్లాట్‌ఫాంలో తెరిచి మిగతావాటిలో మూసేయండి. అన్ని ప్లాట్‌ఫాంల క్యాలెండర్లనూ ఒకేచోట నడిపే ఛానెల్ మేనేజర్ సాఫ్ట్‌వేర్ పెడితే ఈ బాధ పోతుంది. అయితే దానితో ఎయిర్‌బీఎన్‌బీకి కలిస్తే రుసుము పద్ధతి మారి, అతిథి దగ్గర తీసుకునే భాగం కూడా కలిపి 15 శాతం పైన మీ నుంచే కోస్తారు. ధర ఆ మేరకు పెంచాలి.

కనీస రాత్రులు: మామూలు రోజుల్లోనూ శుక్ర–శనివారాల్లోనూ రెండు, దసరా, క్రిస్మస్ వారాల్లో మూడు. రెండు బుకింగుల మధ్య ఒక్క రాత్రి మిగిలిపోతే మాత్రమే ఒకటికి తెరవండి, అదీ 15 శాతం పెంచి. శుభ్రత రుసుము 700–900 విడిగా పెడితే ఒక్క రాత్రివాళ్లు తామే వెనక్కి తగ్గుతారు, మూడు రాత్రులవాళ్లకు అది బరువనిపించదు. వారానికి 10–12 శాతం, 28 రాత్రులకు 30 శాతం తగ్గింపు పైన వేసుకున్న లెక్కకు సరిపోతుంది.

ఇక రైళ్లు. వైజాగ్‌లో చెక్-ఇన్ గొడవ అంతా వీటితోనే. గోదావరి ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ నుంచీ, కోరమాండల్ బెంగాల్ నుంచీ తెల్లవారకముందో, తెల్లవారగానో దించేస్తాయి. పిల్లాపాపలతో ఆరింటికి గుమ్మం ముందుంటారు. చెక్-ఔట్ 10కి, చెక్-ఇన్ 1కి పెట్టుకుని, బుకింగు అయిన గంటలోనే ‘ఏ రైలుకు దిగుతున్నారు?’ అని అడగండి. ముందు రాత్రి ఖాళీగా ఉంటే సగం ధరకు తెల్లవారుజాము చెక్-ఇన్ అమ్మండి, చాలామంది సంతోషంగా కడతారు. ఖాళీ లేకపోతే సామాను వాచ్‌మన్ గదిలో పెట్టుకోవచ్చని ముందే చెప్పండి. అరకు అద్దాల రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది కాబట్టి చివరి రోజు చాలామంది చీకటితోనే వెళ్లిపోతారు. వాళ్లను ‘వెళ్లేటప్పుడు ఒక్క మెసేజ్ పెట్టండి’ అని అడిగితే మీ మనిషి ఎనిమిదింటికే పని మొదలుపెడుతుంది.

అతిథి ఉన్నప్పుడు

సందేశాలు ముందే రాసి పెట్టుకోండి: బుకింగు కాగానే ఒకటి, ముందు రోజు దారి వివరాలతో ఒకటి, దిగిన రెండు గంటలకు ‘అన్నీ పనిచేస్తున్నాయా?’ అని ఒకటి, చెక్-ఔట్ ముందు రాత్రి ఒకటి. మూడోదే ముఖ్యం. గీజరు వేడెక్కలేదని మీతో అన్నవాడు దాన్ని రివ్యూలో రాయడు. గేటు నుంచి ఫ్లాటు తలుపు దాకా ముప్పై సెకన్ల వీడియో తీసి పంపితే ‘ఎక్కడండీ మీ బిల్డింగు’ అనే ఫోన్లు ఆగిపోతాయి.

పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులు ముందే తీసుకోండి. పాన్ మీద చిరునామా ఉండదు, తీసుకోకండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిదంకెలు కప్పేసిన మాస్క్‌డ్ కాపీ అడగండి. వాటిని వాట్సాప్ గ్రూపులో పడేయకుండా ఒకచోట దాచి, గడువు పెట్టుకుని తీసేయండి. ఏదైనా పగిలితే చెక్-ఔట్ అయిన 14 రోజుల్లోగా ప్లాట్‌ఫాంలోనే ఫొటోలు, బిల్లుతో అడగాలి. ముందు ఫొటో, తర్వాత ఫొటో రెండూ ఉంటేనే వస్తుంది. గ్లాసులకు, గరిటెలకు అడగొద్దు, అవి ఖర్చులో వేసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా వైజాగ్ మీద తీరం దాటినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేవు. హెచ్చరిక రాగానే రాబోయే అతిథులకు మీరే ఫోను చేసి తేదీ మార్చుకునే వీలివ్వండి. వచ్చి చీకట్లో కూర్చున్నవాడికి డబ్బు వాపసిచ్చినా రివ్యూ మిగులుతుంది. బాల్కనీ కుర్చీలు, కుండీలు లోపల పెట్టించి, ట్యాంకు, బకెట్లు నింపించి, ఇన్వర్టరు ఛార్జి, టార్చిలైట్లు చూడమనండి. అవుట్‌డోర్ యూనిట్ బోల్టులు ప్రతి సెప్టెంబరులో బిగించాలి.

నెలాఖరు లెక్క, ఎప్పుడు ఆపాలి

ప్రతి నెలా నాలుగు అంకెలు రాసుకోండి: నిండిన రాత్రులు, చెక్-ఔట్‌లు, చేతికొచ్చింది, కరెంటు యూనిట్లు. రాత్రులను చెక్-ఔట్‌లతో భాగిస్తే వచ్చే సగటు రెండు కన్నా తగ్గితే కనీస రాత్రులు పెంచండి, నాలుగు దాటుతుంటే మీ ధర తక్కువగా ఉందేమో చూడండి. రెండు ఏసీలు పన్నెండేసి గంటలు నడిస్తే రోజుకు 24–28 యూనిట్లు అవుతాయి. అంతకు మించితే అతిథులు తలుపులు తీసి నడుపుతున్నారో, ఏసీలో గ్యాసు తగ్గిందో అయి ఉంటుంది.

జూలై, ఆగస్టుల్లో పర్యాటకులు పలచబడతారు. ఆ నెలల్ని ఖాళీగా లాగే బదులు ఆసుపత్రి చికిత్సకు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కుటుంబాలకో, ప్రాజెక్టు పని మీద వచ్చే ఇంజనీర్లకో నెలవారీగా ఇవ్వండి. రాతపూర్వక లీవ్ అండ్ లైసెన్సు (అద్దెదారు హక్కు లేకుండా వాడుకోనిచ్చే) ఒప్పందం, ఒక నెల డిపాజిట్, కరెంటు మీటరు ప్రకారం విడిగా. పూర్తి పన్నెండు నెలలు నడిపాక, ఫర్నిచర్ అరుగుదల తీసేసి, మిగిలింది మామూలు అద్దెను దాటకపోతే ఈ నెలవారీ పద్ధతికే మారిపోండి. అప్పటికి ఏసీలు, పరుపులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఫర్నిష్డ్ ఫ్లాటుగా ఖాళీ ఫ్లాటు కన్నా ఎక్కువ అద్దె అడగొచ్చు. అలా మారేటప్పుడు ముందే తీసుకున్న రోజువారీ బుకింగులన్నీ పూర్తయ్యాకే క్యాలెండరు మూయండి, మీ వైపు నుంచి రద్దు చేస్తే ప్లాట్‌ఫాం జరిమానా వేస్తుంది.